అప్‌డేట్: బురద బండ్ల కోసం ప్రెషర్ వాషర్ కొన్నాను

బురద పట్టిన బైక్, కారు ఇంట్లోనే కడుక్కోవడానికి ఎన్ని బార్‌ల (బార్ అంటే ప్రెషర్‌ను కొలిచే యూనిట్) ప్రెషర్ వాషర్ కావాలని ఇంతకుముందు అడిగాను. బార్ ఒక్కటే కాదు, నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్లు వస్తాయో కూడా చూడమన్నారు. నూటికి నూరుపాళ్లు నిజం. బురదను విడగొట్టేది ప్రెషరే, కానీ దాన్ని కిందికి లాక్కెళ్లేది నీళ్లు.

చివరికి ఇండక్షన్ మోటార్ ఉన్నది తీసుకున్నాను. బరువు ఎక్కువే, అయినా అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు ఉండవు, శబ్దం తక్కువ. పనిచేసేటప్పుడు 100 బార్, నిమిషానికి 7 లీటర్లు. మా అవసరానికి ఇది బాగా సరిపోతోంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు గరిష్ఠ ప్రెషర్. మీరు కొనేటప్పుడు వర్కింగ్ ప్రెషర్ ఎంతో తప్పకుండా చూడండి.

అసలు తేడా కడిగే పద్ధతిలో ఉంది. ఎండిన బురదను గుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు పెయింట్‌ను గీసేస్తాయి. అందుకే ముందు నీళ్లు చల్లి బాగా నానబెడుతున్నాను. పెయింట్ మీద 40 డిగ్రీల నాజిల్ (డిగ్రీలంటే నీళ్లు విచ్చుకునే కోణం), కనీసం అడుగు దూరం నుంచి. మడ్‌గార్డ్ లోపల గట్టిపడిన బురదకు 25 డిగ్రీలది. సున్నా డిగ్రీల నాజిల్‌ను బండి దగ్గరికే రానివ్వను. బైక్ చైన్, వీల్ బేరింగ్‌లు, రేడియేటర్ రెక్కలు, వైరింగ్ కనెక్టర్ల మీద నేరుగా కొట్టకండి, ప్లీజ్.

బకెట్ నుంచి నీళ్లు లాగుతుందా అని ఒకరు అడిగారు. ఇది లాగుతుంది, అన్ని మోడళ్లూ లాగవు. ముందుగా పైపును నీళ్లతో నింపాలి, ఫిల్టర్ పెట్టాలి. పంపు ఖాళీగా తిరిగితే సీళ్లు పాడవుతాయి.