నేలపట్టు, పులికాట్, మైపాడు రెండు రోజుల్లో అవుతాయా?

సంక్రాంతి సెలవులకి అత్తయ్య, పిల్లలతో ఒంగోలు నుంచి నెల్లూరు వస్తున్నామండీ. చేతిలో రెండు రోజులే. నేలపట్టులో గూడబాతులు చూడాలని పిల్లలు ఒకటే గోల. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి కదా, అవి దగ్గరగా కనపడాలట! తెల్లారకముందే నెల్లూరులో బయల్దేరాలా, ముందురోజు రాత్రే సూళ్లూరుపేటలో దిగితే నయమా? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. వాచ్ టవర్ ఎక్కకుండా చెరువు గట్టు మీద నుంచే చూడొచ్చా?

పులికాట్‌లో ఫ్లెమింగోలకి తడ వైపు బీవీ పాళెం పడవ మేలా, శ్రీహరికోట రోడ్డు పక్కన ఆగితే చాలా? పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి ఎలాగూ చూస్తాం. మైపాడు బీచ్ నుంచి చీకటిపడ్డాక తిరుగు ఆటోలు దొరుకుతాయా? అదొక్కటే టెన్షన్. చేపల పులుసుకి మాత్రం పేరున్న హోటళ్లు వద్దు, మీరు తినే చోటు చెప్పండి.