సమస్యాపూరణం: రాజు బంటు వెంట రాత్రి నడిచె

నిర్వాహకుడు (విజయనగరం): ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. వంతులవారీగా ఆడే యుద్ధవ్యూహాల వీడియో గేముల మీదే పూరించాలి. ప్రతి బంటునూ తన చేత్తో జరిపితే తప్ప తోచని వాళ్లు మనలో చాలామందే ఉన్నారు, మొహమాటపడకండి. పూరణలు కలం పేర్లతోనే.

మూడు లాంతర్లు:

బాట వేయు కూలి పని కూడ తా జూచి
మౌసు నొక్కి కనులు మసక బార
ఒక్క టర్ను చాలు నొక్కటే యనుకొని
రాజు బంటు వెంట రాత్రి నడిచె

నిర్వాహకుడు: యతులు కుదిరాయి. మూడో పాదం, వంతువంతుకూ రాజ్యం కట్టే సివిలైజేషన్ గేము ఆడేవాళ్లందరి నోటి మాటే. చిక్కల్లా అన్వయంలో ఉంది. మొదట కూలి, చివర బంటు. ఇంతకీ రాజు ఎవరి వెంట నడిచినట్టు? పైగా ఐదో భాగం (2010) వరకూ కూలీలను కంప్యూటరుకే వదిలేసే వీలుంది కదా, ఈ మౌసు అరగదీయడం ఎందుకు?

మూడు లాంతర్లు: వదిలేసి చూడండి మాస్టారూ! నేను పొలం అనుకున్న చోట అది అంగడి కడుతుంది. ఆరో భాగంలో (2016) ఆ వీలు కూడా తీసేశారు. కూలీ బదులు వచ్చిన బిల్డరు మామూలుగా మూడు పనులు చేసి మాయమైపోతాడు, ఆ మూడూ మనమే చెప్పాలి. ఇక బంటు అంటారా, ఐదో భాగంలో రోమన్ లీజియన్ సైనికులే రోడ్లు వేస్తారు. "బాట వేయు బంటు పని కూడ తా జూచి" అని మారుస్తున్నాను.

నిర్వాహకుడు: గణం చెడలేదు, అన్వయమూ కుదిరింది. ఒప్పుకున్నాను.

డే అండ్ నైట్ కూడలి (శ్రీకాకుళం): మా కూడలి పేరుకు తగ్గ ఆట, బ్యాటిల్ ఫర్ వెస్నాత్.

చీకటైన వేళ చెలరేగు శత్రువుల్
పాతికంత బలము పైన జేర
బల్లెమెత్తు వాని బలుమేను చాటున
రాజు బంటు వెంట రాత్రి నడిచె

ఆడనివాళ్ల కోసం: అందులో ఆరు వంతులకు ఒక రోజు. రాత్రి వంతుల్లో చీకటి మూకల దెబ్బ 25 శాతం పెరుగుతుంది, వెలుగు పక్షం వాళ్లకు అంతే తగ్గుతుంది. నాయకుడు పడితే సాధారణంగా ఆట పోయినట్టే.

నాగావళి: "రాత్రి" అన్న మాటకు అసలైన పని దొరికింది అన్నయ్యా. కానీ అక్కడ గడికి ఆరు పక్కలు. ఒక్క బల్లెం వాడు ఎన్ని వైపులని కాస్తాడు?

డే అండ్ నైట్ కూడలి: వాడి పక్క గడిలో కాలు పెట్టిన శత్రువు మామూలుగా ఆ వంతుకు అక్కడే ఆగిపోవాలమ్మా. అందుకే సరైన చోట నిలబెడితే రెండు మూడు గళ్ల దారి ఒక్కడే మూసేస్తాడు. ఆ చోటు వెతకడానికే నాకు అరగంట పడుతుంది, అది వేరే టెన్షన్.

నాగావళి: అయితే నాది చదరంగం.

ముందు నడచి దారి ముడి విప్ప మరచెను
ఎదిరి రాజు వచ్చి యెదుట నిలిచె
గెలుపు జారి సమము, కేలెత్తి దండమే!
రాజు బంటు వెంట రాత్రి నడిచె

నిర్వాహకుడు: రాజూ ఒక్క బంటూ మిగిలిన చివరి ఆటలో రాజు బంటుకు ముందుండాలి. వెనకబడి, ఎదుటి రాజు అడ్డొస్తే చాలాసార్లు డ్రాయే. ఆ తప్పునే పూరణగా మలచడం చమత్కారం. అయితే పగలు ఆడినా ఆ డ్రా తప్పదు కదమ్మా! "రాత్రి" ఊరికే నిలబడిపోయింది. పైగా చదరంగంలో వంతుకు ఒక్క పావే కదులుతుంది, పాతిక బంట్లను ఒక్కొక్కటిగా తోలే అవస్థ అక్కడ లేనే లేదు.

1757 బొబ్బిలి యుద్ధం మీద ఒకరు విడిగా పద్యం పంపారు. పద్యం ధాటిగానే ఉంది. కానీ యుద్ధం ముగిశాక ఒక రాత్రి విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి నడిచి వచ్చినవాడు తాండ్ర పాపారాయుడు, ఆ రాజు కాదు. పైగా అది వీడియో గేమూ కాదు, పక్కన పెట్టాను.

నా ఓటు వెస్నాత్ పద్యానికి. అక్కడ రాజు ప్రాణభయంతో నడిచాడు, సివిలైజేషన్ రాజు నిద్రపట్టక నడిచాడు.

మూడు లాంతర్లు: నిద్రపట్టకపోవడం చిన్న కారణమా మాస్టారూ?

నిర్వాహకుడు: పెద్దదే, పద్యంలో ఇంకాస్త కనబడాలి. ఏడో భాగంలో (2025) బంట్లను సేనాపతి కింద సర్ది ఒక్కసారే నడిపే ఏర్పాటుంది, దాని మీద ప్రయత్నించు. వచ్చే సమస్యకూ అది పనికొస్తుంది. మళ్లీ ఆటవెలదే:

వేలు కదపకుండ వేట ముగిసె