సమస్యాపూరణం: కొండ నెక్కెను వెనుకకే బండి నడచి

పాత పికప్ ట్రక్కుల పిచ్చి ఉన్న పద్యప్రియులందరికీ నమస్తే. ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నా.

"కొండ నెక్కెను వెనుకకే బండి నడచి"

కల వచ్చిందనో, సర్కస్ ఫీటనో తప్పించుకోకండి, పాత బండ్లతో ఇది నిజంగా చేసేవాళ్ళు కాబట్టి కారణం బండిలోంచే రావాలి. కొండ, బండి ప్రాసయతి పాదంలోనే కుదిరింది, ఆ బెంగ లేదు.

పూరణ 1

పంపు లేదయ్య పెట్రోలు పల్లమునకె
జారు; సీటుకు దిగువన చమురు తొట్టి;
ముందు దిగువకు జేయగా ముదము తోడ
కొండ నెక్కెను వెనుకకే బండి నడచి

— ఇదీ పూరణంటే! నీరు పల్లమెరుగు అన్న మాటని పెట్రోలుకి తిప్పారు, భలే. మోడల్ టీ కదండీ? ఫోర్డ్ 1925లో ఫ్యాక్టరీ నుంచే పికప్ బాడీ బిగించి 281 డాలర్లకి అమ్మిన రనబౌట్‌కి (ఇద్దరు కూర్చునే ఓపెన్ బండి) టాంకు సీటు కిందే, ఫ్యూయల్ పంపు లేదు, పెట్రోలు దాని బరువుకి అదే కార్బురేటర్‌లోకి (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకిచ్చేది) దిగాలి, టాంకులో కొంచెమే ఉండి ఎత్తు నిటారుగా ఉంటే కార్బురేటర్ టాంకు కంటే పైకి పోయి ఇంజను ఆగిపోయేది, అందుకే బండి తిప్పి రివర్స్‌లో ఎక్కించేవాళ్ళు. 1926 మోడల్లో చాలా బాడీలకి టాంకు డ్యాష్‌బోర్డు దగ్గరికి, పైకి మారింది.
ఒక్కటే లోటు, "ముదము తోడ" గణాలకోసం వచ్చింది, దానికి పద్యంలో పని లేదు. "ముందు దిగువకు జేయగా మూతి తడిసి" అంటే?

— ఎవరి మూతండీ?

— కార్బురేటర్‌దే! దానికి పెట్రోలు అందింది అని.

— అలాగైతే మార్చేస్తున్నా, చాలా బావుంది, థాంక్సండీ.

పూరణ 2

అరిగి లో గేరు పట్టీలు అలసిపోవ
కాలు నడిమి పెడలుపైన గట్టిగాను
మోప కొత్తదౌ పట్టీయె మోయ బరువు
కొండ నెక్కెను వెనుకకే బండి నడచి

— మోడల్ టీలోనే రెండో కారణం పట్టుకున్నారు. రివర్స్‌కి నడిమి పెడల్, గేర్లు పట్టేవి లోపలి పట్టీలు, ముందుకి కదలడానికి రోజూ వాడే లో గేరు (కింది గేరు) పట్టీ ముందు అరుగుతుంది, రివర్స్‌ది అంత త్వరగా అరగదు. పైగా లో గేరు నిష్పత్తి 2.75, రివర్స్‌ది 4, ఇది ఎంత పెద్దదైతే లాగే బలం అంత ఎక్కువ, అంటే ఎత్తు మీద బలమంతా వెనక గేరుదే. ఈ పద్యం చదివాక ఆ బండి మీద ఇష్టం ఇంకా పెరిగింది నాకు.
వ్యాకరణానికొస్తే "పట్టీలు అలసి" దగ్గర సంధి చెయ్యాలి, ఉత్వసంధి నిత్యం, చేస్తే గణం చెడుతుంది. "పట్టీయె యలసిపోవ" అనండి, అ-య యతి చెల్లుతుంది.

పూరణ 3

వెనుక గేరున రాడులు పెనగొనంగ
విప్పు పనిముట్టు లేకున్న బెదరకుండ
తలను వెనుదిప్పి యజమాని తానె నడుప
కొండ నెక్కెను వెనుకకే బండి నడచి

— స్టీరింగ్ కాలమ్ మీద గేరు లివరుండే మూడు గేర్ల బండి అన్నమాట! రాడులు పెనగొనడం నాకు బాగా నచ్చింది, బుష్‌లు (కీళ్ళలో ఉండే చిన్న గొట్టాలు) అరిగితే కాలమ్ కింది లివర్లు రెండూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి, గేరు ఇక మారదు. కానీ రెండో పాదం ఒప్పుకోను అన్నా, దానికి పనిముట్టెందుకు, బానెట్ ఎత్తి చేత్తో లివర్లని ఓ గుంజు గుంజితే చాలాసార్లు వచ్చేస్తాయి, ఆ బండ్లు నడిపినవాళ్ళు చదివితే ఇక్కడే ఆగిపోతారు.

— మరి దిగకపోవడానికి కారణం?

— వాన పెట్టండి. "వాన జోరున మూతెత్త వలను గాక". వా-వ యతి, గణాలు సరి.

— వాన పెడితే వైపర్లు గుర్తొస్తాయి అన్నా, అవి ఇంజను వాక్యూమ్‌తో, అంటే అది గాలి పీల్చే బలంతో, నడిచేవి కదా, ఎత్తెక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి అద్దం మధ్యలో నిలబడిపోతాయి, కాలు తీస్తే టపటపా కొట్టుకుంటాయి.

— అది ఇంకో పద్యానికి సరిపడా సరుకు, ఈ పూరణలో ఇరికించొద్దు. వచ్చేసారి పాదం ఇదే పెడుతున్నా, అందరూ రాయండి:

"వేగ మందగ వైపరు వెనుక బడియె"