యూదుల ఇంటికి పరామర్శకు వెళ్లాలి, ఏం తీసుకెళ్లొచ్చు?

మేం న్యూజెర్సీలో ఉంటాం. పక్కింటి పెద్దావిడ భర్త సోమవారం పోయారు, మర్నాడే ఖననం చేశారు. వాళ్లు యూదులు, పద్ధతులు బాగా పట్టింపుగా పాటిస్తారు. ఇప్పుడు ఇంట్లో 'శివా' పాటిస్తున్నారు. హీబ్రూలో ఆ మాటకు ఏడు అని అర్థం. ఖననం నుంచి 7 రోజులు ఇల్లు కదలరు, అద్దాలకు గుడ్డలు కప్పుతారు, పొట్టి పీటల మీద కూర్చుంటారు. వాళ్లే పలకరించేదాకా మనం మాట్లాడకూడదని, పూలు తీసుకెళ్లరని చదివాను.

ఆవిడ మా పాపను పురిటి రోజుల నుంచి సొంత మనవరాలిలా చూసుకున్నారు. వట్టి చేతులతో వెళ్లడానికి మనసొప్పడం లేదు. పులిహోర చేద్దామంటే కోషర్ (యూదుల ఆహార నియమాలు) పట్టింపు ఉంది. మాంసానికీ పాలకూ గిన్నెలు కూడా వేరుగా ఉంచుతారు. మేం శాకాహారులమే అయినా మా గిన్నెల్లో వండింది వాళ్లు తినరేమో. కోయని పండ్లు, కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్లు చాలా?

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి షబ్బాత్ (వాళ్ల వారపు విశ్రాంతి దినం) కాబట్టి గురువారం సాయంత్రం వెళ్దామనుకుంటున్నాం.

ఇంకొకటి. మనం చావింట్లో 'వెళ్లొస్తాం' అనం కదా, మాట్లాడకుండా లేచి వచ్చేస్తాం. అక్కడ అలా వస్తే ఆవిడ మనసు నొచ్చుకుంటుందా? బయల్దేరేటప్పుడు ఏమనాలి? పాపను తీసుకెళ్లొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.