ఈవారం సమస్య: "డేగ లేని చోట డేగ కూసె"

నిర్వాహకుడు: నిన్న మనం పిట్టలు చూడ్డానికెళ్ళిన బెంగళూరు పక్క నంది కొండ మీద బెస్రా అనే డేగ కనబడింది, కొమ్మ మీద రెండు నిమిషాలు కూర్చుంది, గొంతు మీద నిలువు చార కాటుకతో గీసినట్టుంది, మన వీధుల్లో తిరిగే షిక్రా డేగ కాదు ఒట్టు. దిగొచ్చేటప్పుడు ఈ పాదం తట్టింది, కానివ్వండి.

మల్లేశ్వరం మావయ్య:
తోక చివర రెండు తూగాడు రేకుల
నల్ల పిట్ట దొంగ నటన సలిపి
తిండి దోచ నెంచి తెలివిగా నరవఁగ
డేగ లేని చోట డేగ కూసె

జయనగరం పిన్ని: ధార బాగుంది మావయ్యగారూ, కానీ చలికాలం నందిలో కనబడేది యాషీ డ్రోంగో పిట్ట కదండీ, దాని తోకకి రేకులెక్కడివి?

మావయ్య: పద్యంలో నంది అన్నానా తల్లీ? డేగ గొంతు అనుకరించడంలో తోకకి రేకులుండే రాకెట్ టెయిల్డ్ డ్రోంగోనే మొనగాడు. పోయినసారి గద్దని పట్టుకుని డేగ అని రాసినవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

అనంతపురం అబ్బి: ఆ గద్ద గొడవ ఇంకెన్నాళ్ళండీ! ఇదిగో హాక్ కుకూ, డేగలా కనబడే కోకిల. చూసిన పిట్టల లిస్టులో నేను డేగని రాసుకున్నా.
రొమ్ము చార, తోక, రూపమంతయు డేగ
గొంతు విప్పినంత కోయిలమ్మ
మోసపోయి లిస్టు ముచ్చటగా రాస్తి:
డేగ లేని చోట డేగ కూసె

పిన్ని: రెండో పాదం ముద్దొస్తోంది. అది బ్యాబ్లర్ పిట్టల గూట్లో గుడ్లు పెట్టి పోయే రకం, ఆ సంగతి కూడా ఇరికించాల్సింది. 'రాస్తి' ఏంటి బాబూ?

అబ్బి: మా సీమలో పోతి, తింటి, రాస్తి అనే అంటాం పిన్నీ.

మావయ్య: పూరణ నాదే, పిట్ట మారిందంతే.

పిన్ని: అలాగా, అయితే ఇది మీకే అంకితం.
ఆరు గంటలన్న నందరమును జేర
తొమ్మిదింటి దాక దోసె మెక్కి
కాఫీ తాగి వాడు కారులో వచ్చినా
డేగ! లేని చోట డేగ కూసె

నిర్వాహకుడు: అబ్బ, ఏం విరుపు! "వచ్చినాడేగ" అని పాదం దాటించి అసలు డేగనే మాయం చేశారు, ఇక వాడు లేని చోటే డేగ కూసిందంటే కూయదూ మరి. నిన్నటి కారెవరిదో నేను చెప్పను.

మావయ్య: 'కాఫీ' దగ్గర గణం గోవిందా.

పిన్ని: నిజమే, 'కాఫి' అని దిద్దుకుంటా. దోసె మాత్రం తియ్యను.

మావయ్య: దోసె కాదు, ఇడ్లీ. పైగా మీరంతా దిగిపోయాక నాకు నీలగిరి ఉడ్ పీజియన్, ఆ అరుదైన అడవి పావురం, కనబడింది, తెలుసా?

అబ్బి: ఫొటో పెట్టండి మావయ్యా, గద్ద కాకపోతే చాలు.

మావయ్య: కెమెరా కార్లో ఉండిపోయింది.