బల్ల మీద వ్లదీమిర్

చింతచెట్టు నీడ:
ఒక వాక్యం కొన్నాళ్ళుగా బుర్ర తొలిచేస్తోంది. "వ్లదీమిర్ బల్ల మీద, ఇదిగో అతని వెండి." అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. మా ఇంట్లో మాస్కో వాళ్ళు తెలుగులో వేసిన పుస్తకాలు బీరువా నిండా ఉండేవి, వాటిలోదే అయ్యుంటుంది. ఇది కవితా, సామెతా, పొడుపుకథా? బల్లెక్కిన ఆ మహానుభావుడెవరు? వెండి ఎవరికి చూపిస్తున్నాడు?

అరసున్న:
కవిత కాదండీ, నాణెం. కీవ్‌ను ఏలిన వ్లదీమిర్ పదో శతాబ్దం చివర వేయించిన వెండి నాణెం మీది రాత. ఒకవైపు కిరీటంతో రాజు, రెండోవైపు ఆ వంశపు త్రిశూలం లాంటి గుర్తు, చుట్టూ ఈ మాటలు. బంగారపు వాటి మీద "ఇదిగో అతని బంగారం" అని ఉంటుంది. ఆ బంగారపువి మొత్తం డజను కూడా దొరకలేదు. ఇక అది బల్ల కాదు. "స్తోల్" అంటే ఇప్పటి రష్యన్‌లో బల్లే గానీ అప్పట్లో రాజు కూర్చునే గద్దె. రాజధానిని వాళ్ళు ఇప్పటికీ "స్తలీత్స" అంటారు, ఆ గద్దెలోంచి వచ్చిందే.

పాత అచ్చు:
పీఠం పీట అయినట్టు. శంకరాచార్యులు ఎక్కేదీ, వంకాయలు తరిగేదీ ఒకటే మాట, మనకిదేం వింత? అనువాదకుడు "బల్ల" అని వేసి ఉంటే మాత్రం ఆయన ఉప్పల లక్ష్మణరావు గారూ కాదు, రా.రా. గారూ కాదు. వాళ్ళ చేతుల్లో అలాంటివి జారవు.

వాల్తేరు పిల్లగాలి:
గద్దె అని వేరే చెప్పాలా, పేరులోనే ఉందిగా. వ్లదీ, మిర్. ఏలు, లోకం. "లోకాన్నేలు నాయనా" అని అమ్మానాన్నల దీవెన. వ్లదివస్తోక్ కూడా అంతే, "తూర్పునేలు" అని.

అరసున్న:
వ్లదివస్తోక్ 1860 నాటిది. దానికి నమూనా 1784లో కట్టిన కోట వ్లదికవ్కాజ్. వెయ్యేళ్ళ నాటి మనిషి పేరుకు నిన్నమొన్నటి ఊళ్ళ పేర్లు సాక్ష్యమా? అసలు ఆ రెండో ముక్క "మిర్" కాదు, "మేర్". పాత రాతల్లో వొలొదిమేర్ అని, "ఏ" లా పలికే యాత్ అనే పాత అక్షరం పెట్టి రాసేవారు. గోథిక్ భాషలో "మేర్స్" అంటే గొప్పవాడు, పేరుమోసినవాడు. ఐరిష్‌లో "మోర్" అన్నా పెద్ద అనే. అంటే ఏలుబడిలో ఘనుడు. మిర్‌కు లోకం, శాంతి అని రెండర్థాలు, ఈ పేరులో లోకమూ లేదు, శాంతీ లేదు. మాక్స్ ఫాస్మెర్ రాసిన రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు ఇదే చెబుతుంది. మిర్ అనే మాట అందరి నోళ్ళలో నానుతోంది కాబట్టి తర్వాత జనం మేర్‌ను మిర్ చేసేశారని.

శకటరేఫం:
ఫాస్మెర్ పేరెత్తగానే అందరూ చేతులు కట్టుకుంటారని అరసున్న గారి నమ్మకం. నాణెం మీద ఏముందో చూశారా? "మిర్" అనే ఉంది, యాత్ లేదు. రాజుగారు తన పేరు తానే తప్పు రాయించుకున్నారా?

అరసున్న:
ఆ నాణేల ముద్రలు చెక్కినవాళ్ళు అక్షరాలు తిరగేసి కూడా చెక్కారు, కొన్ని మింగేశారు. కీవ్‌లో అంతకుముందు నాణేలు వేసిన అలవాటే లేదు. ఆ చేతిరాతను నమ్మి వర్ణక్రమం తేల్చమంటారా?

శకటరేఫం:
మీకు అనుకూలిస్తే పాత రాత, అనుకూలించకపోతే చేతకాని చెక్కుడు. బాగుంది. సరే, ఇది చూడండి. ఉక్రేనియన్‌లో పాత యాత్ "ఈ" అయిపోతుంది. రష్యన్‌లో అడవి "లేస్", వాళ్ళకు "లీస్". మీ మేర్ నిజమైతే ఉక్రేనియన్లు "మీర్" అని ఆ ఈకారంతో పలకాలి. కానీ వాళ్ళ వొలొదీమిర్‌లో చివరన ఉన్నది వేరే ఇకారం, "శాంతి" అనే మాటలో ఉన్నదే. దీనికేమంటారు?

అరసున్న:
జనం మేర్‌ను మిర్ చేశారని ముందే అన్నాను కదా. మార్చుకున్నాక మిర్ లాగే పలుకుతారు, అది నా వాదానికి అడ్డెలా అవుతుంది? పోలిష్ చూడండి, వ్వొజిమ్యెష్, కజిమ్యెష్. "ఎ" కనిపిస్తోందా లేదా?

శకటరేఫం:
కనిపిస్తోంది. అనాథకు పాత స్లావ్‌లో "సిరొత", పోలిష్‌లో "షెరొత". అక్కడా ఇ కాస్తా ఎ అయింది. పోలిష్‌లో రేఫ ముందు ఇకారానికి అది మామూలే. ఆ ఎ మీ మేర్ నుంచి వచ్చింది కాదు.

పాత అచ్చు:
ఇదేదో మన ఱ, ర తగాదాలా ఉంది. పలుకుబడిలో రెండూ కలిసిపోయాక రాతలో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, తర్వాత దాని మీద నాలుగు వ్యాసాలు. శకటరేఫం గారికి తెలియనిదా!

నిర్వాహకుడు:
చర్చ బాగుంది. ఇప్పుడు అదే పేరు ఉన్న ఇద్దరు దేశాధ్యక్షులు ఉన్నారని, ఒకరు వ్లదీమిర్ మరొకరు వొలొదీమిర్ అని ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. రాజకీయం వస్తే పోస్టు మూసేస్తా.

కందుకూరి కుర్రాడు:
అందరూ పడమటికే పోతున్నారేంటి మాష్టారూ? నా సిద్ధాంతం వినండి. మిర్ అంటే మిహిరుడు. ఇరానీ "మిథ్ర" "మిహ్ర్" అయి, అదే మన సంస్కృతంలోకి "మిహిర" అని వచ్చింది, సూర్యుడు. వరాహమిహిరుడూ వ్లదీమిరుడూ అన్నదమ్ములు. రష్యన్ జానపద వీరగాథల్లో ఈ వ్లదీమిర్‌ను ఏమని పిలుస్తారు? "క్రాస్నయె సోల్నిష్క". ఎర్రటి సూరీడు! ఇంకేం కావాలి?

అరసున్న:
"క్రాస్నయె" అక్కడ ఎరుపు కాదు తమ్ముడూ, అందమైన అని. మాస్కోలో ఎర్రచౌకు కూడా మొదట అందాల చౌకే. ఇక "మిర్"కు మన "మిత్ర"తో చుట్టరికం ఉందన్న మాట పండితులు అనకపోలేదు, ముద్దు, మెత్తన అనే అర్థమున్న "మీల్" అన్న మాటతో కూడా కలుపుతారు. అయితే అదంతా శాంతి అనే మిర్ గురించి. ఈ పేరులో ఉన్నది మేర్ అయితే నీ సూరీడు ఉదయించడు.

కందుకూరి కుర్రాడు:
అయితే... అన్నారు కదా. ఆ "అయితే" చాలు నాకు.

వాల్తేరు పిల్లగాలి:
సంస్కృతం కావాలంటే "స్లావ్" పట్టుకో, అది గట్టి కొమ్మ. యరస్లావ్, స్వ్యతస్లావ్, వ్యచెస్లావ్. ఈ "స్లావ" అంటే కీర్తి, మన "శ్రవస్"కు సొంత తోబుట్టువు. వినబడేది కాబట్టి కీర్తి. రావణుడి తండ్రి విశ్రవసుడు, ఇంద్రుడి గుర్రం ఉచ్చైఃశ్రవం, గ్రీకుల పెరిక్లీస్‌లో "క్లీస్", అన్నీ ఒక్క వేరే. వ్యచెస్లావ్‌కు "మిక్కిలి కీర్తి గలవాడు" అని అర్థం, విశ్రవసుడి అర్థమూ అక్కడికే వస్తుంది.

శకటరేఫం:
ఇది ఒప్పుకుంటా. ఇంకోటి కూడా. వ్లదిస్లావ్, కజిమిర్ లాంటి వాటిలో క్రియ ముందు, నామం తర్వాత. మనవాళ్ళ పేర్లలో ఇలా అరుదు అనుకుంటాం గానీ ఋగ్వేదం నాటికి దండిగా ఉన్నాయి. భరద్వాజుడు, అంటే వాజాన్ని, అదే బలాన్ని, భరించేవాడు. త్రసదస్యుడు, దస్యులను హడలగొట్టేవాడు. కజిమిర్‌లో "కజి" అంటే చెరచడం, పాడుచేయడం. శాంతిని చెడగొట్టేవాడు అని పేరు పెట్టుకుని పోలండ్‌ను నలుగురు కజిమిర్‌లు ఏలారు. మరి అక్కడ కూడా మిర్ కాదంటారా అరసున్న గారూ? "ఘనతను చెరిచేవాడు" అంటారా?

అరసున్న:
ఒక్కో పేరు ఒక్కో కథ. ఆ ముక్క ఉన్న పేర్లన్నీ ఒకే కాలంలో పుట్టలేదు. మేర్ పాతది, దాని అర్థం మరిచిపోయాక మిర్ అనుకుని కొత్త పేర్లు కట్టుకున్నారు. వ్లదీమిర్ మటుకు పాతదే. బల్గేరియాలో బరీస్ కొడుకు వ్లదీమిర్ 889 నుంచి 893 వరకు రాజ్యం చేశాడు, కీవ్ వాడికి వందేళ్ళ ముందు. తర్వాత అదే పేరు డెన్మార్క్ చేరింది. 1131లో పుట్టిన మొదటి వాల్డెమార్‌కు తల్లి వైపు ముత్తాత, కీవ్ రాజు వ్లదీమిర్ మనమాఖ్ పేరు పెట్టారు. డేన్లు మార్ అని పలికారు చూడండి, వాళ్ళ చెవికి అది తమ "మేర్" లాగే వినబడింది.

పాత అచ్చు:
ముత్తాత పేరు! ఆ మనమాఖ్‌దీ ముత్తాత పేరే, మన నాణెం వ్లదీమిర్‌దే. తండ్రో తాతో బతికి ఉండగా వాళ్ళ పేరు పెట్టకూడదని ఆ రాజవంశంలో ఆచారం. మన ఇళ్ళలో కూడా తండ్రి పేరు కొడుక్కి పెట్టరు కదా, తాత పేరు మనవడికి పోతుంది. తర్వాత తర్వాత రష్యన్లు ఆ పట్టింపు వదిలేశారు. అందుకే కవి మయకోవ్‌స్కీ వ్లదీమిర్ వ్లదీమిరొవిచ్, అంటే వ్లదీమిర్ కొడుకు వ్లదీమిర్.

వాల్తేరు పిల్లగాలి:
హమ్మయ్య, మయకోవ్‌స్కీ వచ్చాడు. ఈ మిర్ తగువును కవితకు పేరుగా పెట్టిన మనిషి ఆయనొక్కడే. 1918 సంస్కరణకు ముందు రష్యన్‌లో రెండు "ఇ"లు. శాంతి అనే మిర్‌కు ఒకటి, లోకం అనే మిర్‌కు ఒకటి, పలకడం మాత్రం ఒక్కటే. టాల్‌స్టాయ్ నవల "యుద్ధమూ, శాంతీ" పేరులో ఉన్నది శాంతి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మయకోవ్‌స్కీ అదే పేరుతో కావ్యం రాసి, ఇ మార్చి పెట్టాడు. యుద్ధమూ, లోకమూ. చెవికి తేడా లేదు, కంటికి ఉంది. సంస్కరణ వచ్చాక ఆ రెండో ఇ పోయింది. ఇప్పుడు అచ్చులో రెండు పుస్తకాలకూ ఒకే పేరు, ఆయన కొట్టిన దెబ్బ కనబడదు. శ్రీశ్రీని ఈయనతో పోలుస్తుంటాం కదా, మన శ్రీశ్రీ పిలిచిన ప్రపంచాన్ని ఏ ఇ తో రాయాలంటారు?

శకటరేఫం:
బాగుంది, కానీ అసలు పాయింటు వదిలేశారు. 1918కి ముందు వ్లదీమిర్ పేరును ఏ ఇ తో రాసేవారు? లోకం ఇ తో. అంటే పందొమ్మిదో శతాబ్దంలో చదువుకున్న ప్రతి రష్యన్‌కూ అది "లోకాన్నేలు". వాల్తేరు వారు మొదట్లో చెప్పిన దీవెన అప్పటికి నిజమే. పేరు పుట్టినప్పుడు ఉన్న అర్థమే అర్థమా, పెట్టుకున్నవాళ్ళు నమ్మింది కాదా?

అరసున్న:
నమ్మకం వేరు, వ్యుత్పత్తి వేరు. ఆ ఇ వర్ణక్రమ పండితులు పెట్టిన పట్టీ. మాటలు రెండూ మొదట ఒకటే, ఊరంతా కలిసిమెలిసి ఉండటం అనే అర్థం నుంచి శాంతీ వచ్చింది, లోకమూ వచ్చింది.

చింతచెట్టు నీడ:
ఇంతకీ నేను చదివింది ఏ పుస్తకంలోనో...

కందుకూరి కుర్రాడు:
దొరుకుతుంది లెండి. నాకు ఇంకో అనుమానం. తెలుగులో వ్లాదిమిరా, వ్లదీమిరా? పేపర్లన్నీ వ్లాదిమిర్ అనే వేస్తాయి.

పాత అచ్చు:
వ్లదీమిర్. ఊనిక రెండో అచ్చు మీద. నవలాకారుడు వ్లదీమిర్ నబొకోవ్ ఇంగ్లీషు వాళ్ళకు తన పేరు "రిడీమర్"తో ప్రాస కలిసేలా పలకమని చెప్పేవాడు. ఊనిక ఉన్నచోట దీర్ఘం ఇస్తే తెలుగు నోటికి సరిగ్గా అందుతుంది. బోరిస్ కూడా బరీస్. ఊనిక లేని ఒ అకారం అవుతుంది. ముద్దుపేరు వలోద్య చూడండి, అందులో పాత "వొలొ" ఇంకా బతికి ఉంది, అసలు పేరులో మాత్రం చర్చి భాష "వ్ల" గెలిచింది.

శకటరేఫం:
దీర్ఘం అంటే మాత్ర, ఊనిక అంటే ఒత్తు. మాత్రను ఊనిక చేస్తే ఛందస్సు ఏం కాను? ఆ లెక్కన రష్యన్ పేర్లతో సీసం రాస్తే గణాలు అనువాదకుడి దయ మీద ఉంటాయి.

వాల్తేరు పిల్లగాలి:
అసలు రష్యన్ పేర్లలో స్లావ్ పేర్లు ఎన్ని? ఇవాన్ హీబ్రూ, అలెక్సేయ్ గ్రీకు, ఈగర్, అలేగ్ స్కాండినేవియా నుంచి దిగినవి. మన నాణెం రాజు కూడా 988లో బాప్తిస్మం పుచ్చుకుని వసీలీ అయ్యాడు, ఆయన కొడుకులు బరీస్, గ్లేబ్‌ల చర్చి పేర్లు రమాన్, దవీద్. ఎవరైనా సెయింట్ అయితేనే ఆ స్లావ్ పేరు చర్చి పట్టికలోకి ఎక్కేది. ఎక్కనివి చాలావరకు ఇంటిపేర్లలో మిగిలాయి. నెక్రాసవ్ కవి ఇంటిపేరులో "నెక్రాస్" అంటే అందగాడు కాదు అని. దిష్టి తగలకుండా పెట్టే పేరు.

పాత అచ్చు:
సెర్బియాలో వుక్ కరాజిచ్ కూడా. 1787లో పుట్టాడు. అంతకుముందు పుట్టిన పిల్లలు పోవడంతో, మంత్రగత్తెలు తినేస్తున్నారనుకుని "వుక్", అంటే తోడేలు అని పెట్టారు. తోడేలు జోలికి మంత్రగత్తె కూడా రాదట. ఆ సంగతి ఆయనే తన నిఘంటువులో రాసుకున్నాడు. మన పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్యలకు స్వయానా బంధువు.

కందుకూరి కుర్రాడు:
పుల్లయ్య అందులోకి ఎలా వస్తాడు మాష్టారూ? పుల్ల కదా?

పాత అచ్చు:
పుల్ల కాదు, పుల్లాకు, అంటే ఎంగిలి విస్తరి. బిడ్డ నిలవకపోతే విస్తళ్ళ కుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకునేవారు.

శకటరేఫం:
పుల్లాకులో "పుల్ల"కు ఎంగిలి అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పండి. పులి, పులుపు, పొల్లు, మూడింట్లో ఏది? లకారం ద్విత్వం దగ్గరే తేడా కొడుతోంది.

అరసున్న:
ద్విత్వానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. దానికి కొత్త పోస్టు పెడతాను, ఇక్కడ మిర్ ఇంకా తేలలేదు.