తినే నత్తల పెంపకం: కాల్షియం మట్టిలో కలపాలా, మేతలో ఇస్తే చాలా?

ధర్మసాగర్ రైతు: షెడ్డుల తినే నత్తలు పెంచుదామని పెట్టెలల్ల మా చెల్క మట్టి పోసిన. ఒకలు మట్టిలనే సున్నం కలుపుమంటున్నరు, ఇంకొకలు మేతల ఇస్తే చాలంటున్నరు. తెలిసినోళ్లు చెప్పున్రి.

పరకాల కోళ్లఫారం: మేతలనే ఇయ్యి తమ్మీ. గుడ్లు పెట్టే లేయర్ కోళ్లకిచ్చే షెల్‌గ్రిట్, అంటే ఆల్చిప్పల ముక్కలు, మెత్తగ దంచి పళ్లెంల పెట్టు. ఎంత తిన్నయో కండ్లకు కనవడ్తది. మట్టిల కలిపింది ఎటువోయిందో ఎట్ల తెలుస్తది? సున్నం పొడి ఎక్కువైతే మట్టి తడికి గట్టివడి, తల్లి నత్తకు గుడ్లు పెట్టేటందుకు గుంత తవ్వరాదు.

జువాలజీ, హనుమకొండ: కోళ్ల లెక్క నత్తలకు పూర్తిగా కుదరదన్నా. నత్త నోటితోనే కాదు, పాదంతో, అంటే కింద పాకే భాగంతో కూడా కాల్షియం పీల్చుకుంటది. గుల్లలో నూటికి 95 పాళ్లకు పైగా కాల్షియం కార్బొనేటే. పిల్లలు మట్టి లోపలే గుడ్డులోంచి బయటికొచ్చి, ముందు తమ గుడ్డు పెంకు తింటయి, పైకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. మీ పళ్లెం దాకా రాని ఆ రోజుల్లో వాటికి మట్టే దిక్కు. పెద్దవాటికి కాల్షియం చాలకపోతే ఒకదాని గుల్ల ఒకటి గీకి తింటయి. గుల్ల మీద పైపొర లేచి తెల్లగా గీకినట్టు కనిపిస్తే అదే.

పరకాల కోళ్లఫారం: పిల్లల సంగతి ఒప్పుకుంట. పెద్దవాటికి మాత్రం పళ్లెమే.

ములుగు రోడ్డు: కలుపుడు సరే, ఏ సున్నమో ఎవ్వరు చెప్తలేరు! గోడకేసే సున్నం, తమలపాకుకు రాసే సున్నం వేయకు తమ్మీ, నత్త తడి ఒళ్లు కాలిపోతది. కాల్చని సున్నపురాయి పొడి గానీ, కడిగి ఎండబెట్టి దంచిన గుడ్డు పెంకులు గానీ వాడు. జిప్సంల కాల్షియం ఉంటది గని మట్టి పులుపు తగ్గది. మట్టి పులుపు కొలిచే పీహెచ్ 7 దగ్గర ఉంటే మంచిది. ముందు నీ మట్టి చూడు. తెల్ల సున్నపు గుండ్లున్న నల్లరేగడైతే కలుపుడే అక్కర్లేదు. అసొంటి మట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతది. ఇంకో మాట, ఆఫ్రికా నత్త జోలికి పోకు. 1847ల కలకత్తల వదిలిన్రు, ఇయ్యాల దేశంల ఎన్నో పంటలను తింటున్నది.

ధర్మసాగర్ రైతు: నిమ్మకాయ పిండి చూసిన అన్నా, ఏం పొంగలే. గుడ్లు పెట్టే పెట్టెలల్ల సున్నపురాయి పొడి కలుపుత, పెద్దవాటికి పళ్లెం పెడ్త.

పరకాల కోళ్లఫారం: కొంచెమే కలుపు. ఒక పెట్టె మాత్రం ఏం కలపకుండ పక్కన ఉంచు. రెండింట్ల పిల్లల గుల్లలు వేలితో ఒత్తి చూసి ఈడ్నే రాయి.